ఎవరిది? దేనికి?

మూడోసారి కూడా ఫోను అదే మాట చెప్పింది. ఖాతా నిలిపివేయబడినది. సంబంధిత కార్యాలయాన్ని సంప్రదించండి.

జాంఫువా నుదుటి చెమట భుజం మీది గుడ్డతో తుడుచుకుని, ఫోను మళ్ళీ, ఫోనుల్లో డబ్బు వేసీ తీసీ ఇచ్చే కొట్టు కుర్రాడు బిస్మార్క్ చేతిలో పెట్టింది.

"ఇంకోసారి కొట్టి చూడు నాయనా. సిగ్నల్ లేదేమో."

"సిగ్నల్‌కేం, దివ్యంగా ఉందక్కా. పొద్దున్నించీ అందరి డబ్బులూ వస్తన్నాయి, పోతన్నాయి. నీయే కదలట్లా. దీనికి పైనుంచి తాళం పడింది."

"పైనుంచంటే?"

బిస్మార్క్ ఆకాశం వంక చూడలేదు. ఊరి నడిబొడ్డున ఉన్న సర్కారు మేడల వైపు గడ్డం ఎగరేశాడు.

ఆ రోజు శుక్రవారం, టెచీమన్ సంతకి పెద్ద రోజు. పైగా నెలాఖరు. సరిహద్దు దాటి వచ్చిన టమాటా లారీలు తెల్లవారకముందే దిగాయి. పెట్టెలు పగిలి కారిన రసం ఎండకి పుల్లటి వాసన కొడుతోంది. తలల మీద ఇనుప తట్టలు పెట్టుకున్న ఆడకూలీలు "తప్పుకోండి, తప్పుకోండి" అని అరుస్తూ జనంలోంచి దూసుకుపోతున్నారు. ఆ సందడిలో అరవై మందికి పైగా ఆడవాళ్ళు పని చేసుకుంటూనే జాంఫువా ఎటునుంచి వస్తుందా అని ఒక కన్ను దారి మీద వేసి ఉంచారు.

ఆమె పని నడక. రోజూ పొద్దున అంగడి అంగడికీ తిరుగుతుంది. ఉల్లిపాయలమ్మే ఆమె పది సెడీలు, టమాటా టోకు వ్యాపారి యాభై, మూటలు మోసే మనిషి అయిదు, ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు ఆమె చేతిలో పెడతారు. నెల తిరిగేసరికి ఒక్క రోజు డబ్బు తన కూలిగా ఉంచుకుని తక్కినదంతా ఎవరిది వాళ్ళకి ఇచ్చేస్తుంది. దాన్ని అందరూ రోజు చీటీ అంటారు. వడ్డీ లేదు. ఇంట్లో ఉంటే కరిగిపోయే డబ్బు, ఇంట్లోవాళ్ళ కంట పడితే మాయమయ్యే డబ్బు నెలాఖరు దాకా నిలవడానికి ఆ ఆడవాళ్ళకి తెలిసిన దారి అదొక్కటే. జాంఫువా వాళ్ళకిచ్చేది వడ్డీ కాదు, గుట్టు. ఎవరు ఎంత కడుతున్నారో పక్క బల్ల మీద కూర్చున్నదానికి కూడా తెలియదు.

మొగుడు ఓబెంగ్ కింటాంపో రోడ్డు మీద లారీ కింద పడి పోయిన ఏడాది ఆమె ఈ పనిలో దిగింది. ఇప్పటికి పందొమ్మిదేళ్ళు. మొదట్లో డబ్బంతా ఇంట్లో బిస్కెట్ల డబ్బాలో పెట్టేది. ఒక వర్షాకాలం దొంగలు పడి డబ్బా ఎత్తుకుపోయారు. అప్పుడు కుట్టుమిషనూ, ఓబెంగ్ ఇల్లు కట్టాలని కొన్న స్థలమూ అమ్మి ప్రతి మనిషికీ చివరి పెసేవా నాణెంతో సహా తీర్చింది. ఆ తరువాత మైకు పెట్టిన సర్కారు వ్యాను ఒకటి సంతలోకి వచ్చింది. "నోటు ప్రమాదం, ఫోను క్షేమం, ఇక అందరూ డబ్బు ఫోనులోనే దాచుకోండి" అని వారం రోజులు చెవులు పగిలేలా చెప్పింది. జాంఫువా నమ్మింది. అప్పటినుంచీ పొద్దున వసూలు చేసిన నోట్లు మధ్యాహ్నానికి బిస్మార్క్ చేత ఫోనులో వేయించడం, నెలాఖరున నోట్లుగా తీసి పంచడం అలవాటు చేసుకుంది.

ఇప్పుడా ఫోనులో ఇరవై వేల సెడీలున్నాయి. మొక్కజొన్న పిండి కెంకే ఉండ ఒకటి కొందామన్నా అందులోంచి అయిదు సెడీలు బయటికి రావడం లేదు.

*

పన్నుల ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. బెంచీ మీద కూర్చుని కూర్చుని జాంఫువా కాళ్ళు తిమ్మిరెక్కాక లోపలికి పిలిచారు. బల్ల వెనకాల ఉన్నాయన పేరు డోంకర్. నలభై ఏళ్ళుంటాయి. చొక్కా ఇస్త్రీ నలగలేదు. మాట మెత్తన.

"నెలకి ఇరవై, ఇరవై రెండు వేలు మీ మామూలు ఖాతాలోకి వస్తోంది మేడమ్. నెలాఖరుకి మొత్తం నోట్లుగా పోతోంది. మీరు ఏం వ్యాపారం చేస్తారు?"

"నడుస్తానయ్యా."

"నడవడం వ్యాపారమా?"

"సంతలో ఆడాళ్ళు దాచుకునే డబ్బు నేను ఎత్తుతాను. నెలకొకసారి తిరిగిచ్చేస్తాను. నాకు మిగిలేది ఒక్క రోజుది, ఏడు వందల సెడీలు. అందులోనే కిరాయి, అందులోనే తిండి. తక్కిందాంట్లో ఒక్క పెసేవా నాది కాదు."

"మంచిది. అదే రాద్దాం." ఆయన కంప్యూటరు తన వైపుకి తిప్పుకున్నాడు. "మరి ఎవరిదో చెప్పండి. ఒక్కొక్కరి పేరు, గుర్తింపు కార్డు నంబరు, ఎంత, దేనికోసం దాస్తున్నారు."

"దేనికోసమో కూడానా?"

"ఆ గడి ఖాళీగా ఉంటే ఇది ముందుకి పోదు మేడమ్. నేను మనసులో ఏం అనుకున్నా దీనికి పట్టదు."

"పందొమ్మిదేళ్ళలో ఏ ఒక్కర్నీ నేనా మాట అడగలేదయ్యా. వాళ్ళంతట వాళ్ళు చెప్తే విన్నాను, మళ్ళీ ఎక్కడా అనలేదు. ఈ పేర్లు తీసుకుని మీరేం చేస్తారు?"

"నేనేం చెయ్యను. ప్రతి ఒక్కరికీ కార్డు మీదున్న చిరునామాకి నోటీసు వెళుతుంది. ఆదాయం ఉంటే పన్ను కడతారు, లేకపోతే లేదు. తప్పు చెయ్యనివాళ్ళకి భయమెందుకు?"

బల్ల మీద ఆయన ఫోను మోగింది. తెర మీద డబ్బుల అంకె ఏదో మెరిసింది. డోంకర్ అలవాటుగా దాన్ని బోర్లా తిప్పి పెట్టాడు.

చిరునామాకి నోటీసు. జాంఫువా ఆ మాట దగ్గరే ఆగిపోయింది. కార్డుల మీద ఉన్నవి మొగుళ్ళ ఇళ్ళు, అత్తగార్ల ఇళ్ళు, మేనమామల ఇళ్ళు. ఆ కాగితం గుమ్మంలో ఎవరి చేతికందుతుందో, ఎవరు విప్పి చదువుతారో ఆమె కళ్ళకి కట్టినట్టు కనిపించింది.

"చెప్పకపోతే?"

"ఇదంతా మీ సొంత ఆదాయమే అనుకోవలసి వస్తుంది. పన్నూ జరిమానా కలిపి మూడో వంతు పోతుంది. తక్కినది ఎప్పుడు వదులుతారో నేను మాటివ్వలేను." ఆయన కొంచెం ముందుకి వంగాడు. "వచ్చే శుక్రవారం దాకా టైముంది మేడమ్. పేర్లు పట్టుకురండి. అదే సాయంత్రానికి తాళం తీయిస్తాను. నిజంగా చెప్తున్నాను."

ఆయన అబద్ధమాడుతున్నట్టు ఆమెకి అనిపించలేదు. అదే ఆమెని ఎక్కువ బాధ పెట్టింది. తిట్టడానికి కూడా ఎవరూ దొరకలేదు.

*

సంతకి తిరిగి వచ్చేసరికి మాట ఆమె కన్నా ముందు చేరింది.

"అదుగో వస్తంది మన బ్యాంకు!" ఉల్లిపాయల పోకువా బస్తా మీదనుంచి లేచి నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏమ్మా, డబ్బేదీ? ఫోను మింగేసిందా, ఫోను పట్టుకున్నది మింగేసిందా?"

"మాట జాగర్త పోకువా. దొంగలు పడ్డప్పుడు నీ సొమ్ము పోయిందా?"

"అప్పుడు అమ్మటానికి నీకు స్థలముంది. ఇప్పుడేం అమ్ముతావు, చెప్పులా?"

చుట్టూ నవ్వారు. ఆ నవ్వులో భయం ఉంది. జాంఫువా జరిగింది జరిగినట్టు చెప్పింది. వినడం పూర్తి కాకముందే టమాటాల రాణమ్మ వచ్చింది. ఆమె అసలు పేరు చెరేవా. టమాటా లారీ ఏది ముందు దిగాలో, ఏ ధరకి దిగాలో ఆమె నోటినుంచి రావలసిందే. మనిషి లావు, గొంతు ఇంకా లావు.

"ఇంతేనా? పేర్లడిగితే పేర్లివ్వు. మనమేమన్నా గంజాయి అమ్ముతున్నామా? మూడో వంతు తగలేసేదానికన్నా నాలుగు పేర్లు చెప్తే ఏం పోయిందే?"

"అంతేగా, అంతేగా," అన్నారు అందరూ. అందరికన్నా గట్టిగా పోకువా అంది. "మనకేం దాపరికం? రాసి పారెయ్యి."

జాంఫువాకి గుండె మీదనుంచి బస్తా దింపినట్టయింది. అందరూ ఒప్పుకున్నాక ఇంక తనకేముంది? సోమవారమే వెళ్ళి చెప్పేద్దామనుకుంది.

శనివారం పొద్దున కెంకే కొనుక్కుంటుంటే వెనకనుంచి ఎవరో మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగారు. పోకువా. నిన్నటి గొంతు లేదు.

"అక్కా, నిన్న నలుగురిలో అన్నాననుకో. నా పేరు మాత్రం వదిలెయ్యి."

"నువ్వే కదే దాపరికమేంటన్నావు?"

"మరి అనకపోతే దీనికేదో ఉందిరా అనుకోరూ? మా ఆయన సంగతి నీకు తెలీందేముంది. పోయినేడు వాళ్ళ మేనమామ చావుకి నా ఉల్లిపాయల డబ్బంతా లాక్కుపోయి బ్యాండుమేళం పెట్టించాడు. నా చేతికి తిండి ఖర్చు తప్ప ఏమీ మిగలదని ఆయన నమ్మకం. ఇది పిల్ల నర్సు చదువుకి. ఇంటికి కాగితం వచ్చిందంటే నా ఒళ్ళూ ఉండదు, డబ్బూ ఉండదు."

"పేరు వద్దంటే డబ్బు రాదే పోకువా."

"డబ్బు కావాలక్కా. బుధవారం ఫీజు కట్టాలి." పోకువా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "డబ్బూ కావాలి, పేరూ వద్దు. నువ్వే ఏదోటి చెయ్యి."

అక్కడినుంచి మొదలయింది. గుడ్డలమ్మే ఆమె చర్చి మెట్ల దగ్గర పట్టుకుంది. పెద్దల ముందు తన దగ్గర చిల్లిగవ్వ లేదని చెప్పి చర్చి కొత్త పైకప్పు చందా తప్పించుకుంది, ఇప్పుడా ముఖం ఎక్కడ పెట్టుకోవాలి? గంజి అమ్మే ఆమె ఎవరూ చూడకుండా రొమ్ములో గడ్డ చూపించుకోవడానికి కుమాసీ వెళ్ళాలని దాస్తోంది. కొడుక్కి తెలిస్తే పెళ్ళి ఆపుకుంటాడని ఆమె బెంగ. ఒకామె సవతికి తెలియకూడదంది, ఒకామె సొంత తల్లికే తెలియకూడదంది. ఎండుచేపల మాన్సా ఒక్కతే, చెవులు సరిగా వినబడని ముసలిది, "రాయించు, పెద్ద అక్షరాలతో రాయించు. నా దగ్గరా డబ్బుందని ఆ సర్కారోళ్ళకైనా తెలియనీ" అంది.

ఆదివారం మధ్యాహ్నం రాణమ్మ ఇంటికి పిలిపించింది. ఇంట్లో తమ్ముళ్ళు, మరదళ్ళు, వాళ్ళ పిల్లలు, వాళ్ళ చుట్టాలు అడుగడుగునా ఉన్నారు. రోట్లో ఫుఫూ ముద్ద దంచుతున్న చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. రాణమ్మ ఆమెని గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసి, పీట వేసింది.

"నా చెల్లెలి పేరు మీద రోజూ యాభై ఇస్తానే, అది నాదే."

"తెలుసు రాణమ్మా."

"తెలుసా!" రాణమ్మ ఒక్క క్షణం తగ్గింది. "తెలిసీ ఇన్నాళ్ళూ అనలేదా? సరేలే. అది రాయించకు."

"నువ్వే కదమ్మా నాలుగు పేర్లు చెప్తే ఏం పోయిందన్నావు?"

"పెద్దదాన్ని, అట్టా అనాలి కాబట్టి అన్నాను." బయట పిల్లలెవరో తలుపు బాదారు. రాణమ్మ కసిరింది. గొంతు తగ్గించింది. "సున్యానిలో రెండు గదుల ఇల్లు చూశాను. ఎవరికీ చెప్పలా. అరవయ్యేళ్ళొచ్చాయే నాకు. ఒక్కర్తినే తలుపేసుక్కూచుని, ఎవరికీ వడ్డించకుండా ఓ పూట అన్నం తినాలని ఉంది. వీళ్ళకి తెలిసిందనుకో, నేను తాళం చెవి తీసుకునే లోపలే అందులో కాపురం పెట్టేస్తారు."

జాంఫువాకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. "మీరందరూ ఇట్టా అంటే నేనెక్కడికి పోయేది రాణమ్మా? డబ్బు తెమ్మనేదీ మీరే, పేరు చెప్పొద్దనేదీ మీరే. ఆ ఆఫీసులో ఆయనేమో గడి ఖాళీగా ఉండకూడదంటాడు. నన్ను నరికి ఆ గడిలో పెట్టమంటావా?"

రాణమ్మ లేచి తలుపు తీసింది.

*

సోమవారం జాంఫువా ఎప్పటిలాగే వసూలుకి బయల్దేరింది. ఒక్కరూ డబ్బు చేతిలో పెట్టలేదు. "తాళం తీశాక రా అక్కా," అన్నారు కొందరు. కొందరు అటు తిరిగి బేరంలో పడ్డట్టు నటించారు. మంగళవారం ఎవరో ఆమె వెళుతుంటే వెనకనుంచి, "మా డబ్బుతో కట్టే కొత్త ఇంటి రేకులెంతయ్యాయి పిన్నీ?" అని కేకేశారు. ఆ నెల ఆమె కూలి కూడా ఆ ఫోనులోనే ఉంది. కర్రపెండలం గారీ పిండి నీళ్ళలో నానబోసుకుని, పంచదార లేకుండా తిని పడుకుంది. బుధవారం పోకువా మూడు ఉల్లిపాయల బస్తాలు వడ్డీ వ్యాపారికి తాకట్టు పెట్టి కూతురి ఫీజు కట్టింది. తన డబ్బు తన పేరు చెప్పకుండా తెచ్చుకోలేక, తన సరుకు మీదే నూటికి పది నెలవడ్డీ కడుతోంది.

ఆ పూట మూటల లారిబా వచ్చింది. ఉత్తరాదినుంచి వచ్చిన మనిషి, యాసలోనే తెలిసిపోతుంది. తట్ట దించి, జాంఫువా గుమ్మంలో కూర్చుంది.

"నువ్వు కూడా పేరు వద్దని చెప్పటానికే వచ్చావా?" అంది జాంఫువా విసుగ్గా.

"నేను వద్దంటలేనక్కా. చెప్పినా నీకు అక్కరకు రాదు. కార్డుల నా పేరు లారిబా కాదు."

జాంఫువా తలెత్తింది.

"నా పెనిమిటి సచ్చిపోయినంక ఆయన తమ్మునికి నన్ను కట్టబెడతమన్నరు. మా దిక్కు అది రివాజు. వానికి ఇప్పటికే ఇద్దరున్నరు. నేనొద్దన్న. కొట్టిన్రు. పిల్లను మా అమ్మ దగ్గర ఇడిసిపెట్టి పారిపోయొచ్చిన. పిల్లను తెచ్చుకునేటందుకే అయిదు అయిదు కడుతున్న. కార్డు మీద వాళ్ళ ఇంటి పేరే ఉంది, వాళ్ళ ఊరే ఉంది. నోటీసు పోతే నేరుగ వాని చేతికే పోతది. టెచీమన్ల ఉన్న అని తెలుస్తది." లారిబా లేచి తట్ట ఎత్తుకుంది. "నీ ఇష్టం అక్కా. మూడో వంతు పోతే నాకు ఇంకో యేడాది. నువ్వేది జేసినా నిన్నేమనను."

వద్దని బతిమాలినవాళ్ళందరికన్నా ఆ మాట జాంఫువాని కుదిపేసింది. పేర్లు చెప్పడానికీ, మూడో వంతు వదులుకోవడానికీ తనెవరు? రెండూ తన సొత్తు కావు.

*

గురువారం మధ్యాహ్నం లారీలు వెళ్ళిపోయాక, ఖాళీ టమాటా పెట్టెల వెనక అందరినీ పోగు చేసింది.

"రేపు గడువు. పేర్లిస్తే డబ్బొస్తుంది, ఇళ్ళకి కాగితాలొస్తాయి. ఇవ్వకపోతే మూడో వంతు పోతుంది. ఏది చెయ్యమంటారో నలుగురిలో చెప్పండి. చాటున కాదు. ఎందుకంటే…" అందరి ముఖాలూ ఒకసారి కలియజూసింది. "మీలో ఒక్కరు తప్ప అందరూ నా దగ్గరికి చాటున వచ్చారు. ఏం చెప్పారో నేను చెప్పను."

ఒక్కొక్కరే పక్కదాని ముఖంలోకి చూశారు. పోకువా రాణమ్మని చూసింది. రాణమ్మ పోకువాని చూసి చూపు తిప్పుకుంది.

"నువ్వు కూడా వెళ్ళావా?" అంది గంజి ఆమె గుడ్డల ఆమెతో.

"నువ్వెళ్ళలా?"

ఎక్కడో ఒక కిచకిచ వినబడింది. అది పాకింది. ఇద్దరు నవ్వారు, పదిమంది నవ్వారు, చివరికి పెట్టెల మీద చరుచుకుంటూ అంతా నవ్వారు. వారం రోజులుగా ఒకరినొకరు దొంగల్లా చూసుకున్న ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. నవ్వు ఆగాక అలాగే కళ్ళు తుడుచుకుంటూ ఉండిపోయారు.

"ఇంతమందిమి భయపడేది తప్పు చేసి కాదే," అంది పోకువా మెల్లగా. "మన డబ్బు మన దగ్గర ఉంచుకున్నందుకు."

వెనక వరసలో నిలబడ్డ లారిబా అడిగింది. "ఆ సారుకి మనమెవ్వరమో ఎరుకేనా?"

"తెలీదు. ఒక్క నేనే తెలుసు."

"మా షెడ్డుకు ఒకసారి మా ఊరోళ్ళు నన్ను దేవులాడుకుంట వచ్చిన్రు. పడుకున్నోళ్ళందరు దుప్పట్లు నెత్తి మీదికి గుంజుకున్నరు. ఒక్కరు పలకలే. ఎన్ని దుప్పట్లని లేపుతరు? తిట్టుకుంట పోయిన్రు."

రాణమ్మ లారిబా వైపు తిరిగింది. మూటలు మోసేవాళ్ళని ఆమె అంతకు ముందు అంతసేపు చూసి ఉండదు.

"రేపు టమాటా పెట్టె ఒక్కటి కూడా కదలదు," అంది. "చీటీ కట్టినవాళ్ళూ, కట్టనివాళ్ళూ, జన్మలో పెసేవా దాచనివాళ్ళూ, అందరం పోదాం. ఎవరిదో వాణ్ణే తేల్చుకోనీ."

"వాళ్ళు మూడో వంతు పట్టుకుంటే?" అడిగిందొకామె.

"పట్టుకుంటే పట్టుకుంటారు," అంది పోకువా. తాకట్టు పెట్టిన బస్తాలు గుర్తొచ్చాయేమో, ఆ మాట అన్నాక పెదవి కొరుక్కుంది. "మనంతట మనం మాత్రం చేతిలో పెట్టొద్దు."

*

శుక్రవారం డోంకర్ కంప్యూటరు ముందు సిద్ధంగా కూర్చున్నాడు. "వచ్చారా మేడమ్. మంచిపని చేశారు. మొదటి పేరు చెప్పండి."

"చెప్పనయ్యా."

ఆయనకి సరిగా వినబడలేదనుకుని తలెత్తాడు.

"పేర్లు చెప్పను. దేనికి దాచుకున్నారో అసలే చెప్పను. నా కూలి ఏడువందలుంది కదా, దాని మీద ఎంత పన్నో చెప్పు, నిలబడి కడతాను. తక్కింది నాది కాదు, నీదీ కాదు."

"అట్లా కుదరదు మేడమ్. మీరు నష్టపోతారు. వాళ్ళు నష్టపోతారు. నేను మీ మంచికే…"

"మంచికే అంటున్నావని తెలుసయ్యా. నీ మీద కోపం లేదు. ఫోనులో పెట్టుకోమన్నదీ మీరే. ఇంత ఎందుకు పెట్టుకున్నావనేదీ మీరే. ఇంటి లోపల ఒక ఆడది ఎవరి నుంచి ఏం దాచుకుందో అది కూడా మీకే కావాలి. ఎక్కడ దాచుకోమంటావు మమ్మల్ని?"

డోంకర్ ఏదో చెప్పబోయాడు. బయట గొడవగా ఉంది. లేచి తలుపు తీశాడు.

వరండా నిండా ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. మెట్ల నిండా కూర్చుని ఉన్నారు. మేడ కింద ముంగిట్లో, గేటు దాకా, టమాటా మరకల గుడ్డలతో, ఎండుచేపల వాసనతో, పక్కన బోర్లించిన తట్టలతో సంత మొత్తం వచ్చి కూర్చుంది. ఒక్కరూ నినాదం చెయ్యడం లేదు. కొందరు పిల్లలకి పాలిస్తున్నారు.

"ఈమెకి డబ్బు కట్టినవాళ్ళు ఎవరెవరు?" అడిగాడు డోంకర్.

అందరూ ఆయన వంక చూశారు.

"భయపడాల్సిందేమీ లేదు. పేరు చెప్పినవాళ్ళ డబ్బు ఇవాళే ఇప్పిస్తాను." మొదటి మెట్టు మీద ఉన్నామె మీదికి వంగాడు. "నీ పేరేంటమ్మా?"

"పక్కావిణ్ణి అడుగు నాయనా."

పక్కావిడ పోకువా. డబ్బు ఇవాళే అన్న మాటకి ఆమె చేతులు ఒడిలో బిగించుకుంది. "వెనకావిణ్ణి అడగండి సార్."

ఆయన మెట్టు మెట్టూ దిగాడు. వెనకావిడ ముందావిడని చూపించింది. గుడ్డలామె రాణమ్మని చూపించింది. రాణమ్మ ఆయన్ని కింద నుంచి పైదాకా చూసి, "కింద ఇంకా చాలామంది ఉన్నారు, చూసుకో," అంది. గేటు దగ్గర లారిబాని ఆయన అడగను కూడా అడగలేదు. ఆమె తల వంచుకుని తట్ట అంచు గోటితో గీకుతోంది. ఆయన అక్కడే కాసేపు ఎండలో నిలబడి, మళ్ళీ పైకి ఎక్కాడు. ఇస్త్రీ చొక్కా వీపుకి అంటుకుపోయింది.

జాంఫువా తలుపు దగ్గరే ఉంది. ఆయన ఆమె పక్కగా వచ్చి, లోపలున్నవాళ్ళకి వినబడకుండా అడిగాడు.

"నేనేం రాయను మేడమ్? ఏదోటి రాయకపోతే అది ముందుకి పోదు."

"అడిగాను, చెప్పలేదు అని రాయి."

ఆయన ఆమె ముఖంలోకి చూసి, లోపలికి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. చాలాసేపటి దాకా మీటలు నొక్కిన చప్పుడు రాలేదు.

జాంఫువా వచ్చి వరండాలో ఆడవాళ్ళ మధ్య చోటు చేసుకుని కూర్చుంది. ఎండ గోడ మీదనుంచి దిగింది. ఆఫీసు మూసే వేళ అయింది. వాచ్‌మన్ తాళాల గుత్తి పట్టుకుని వచ్చి, "లేవండమ్మా, లేవండి, ఇంక సోమవారం రండి," అంటూ షట్టరు సగం దించాడు.

ఎవరూ లేవలేదు.